డాబా మీద డబ్బా

పరుశురాంకు ఇటుక మీద నమ్మకం, సిమెంటు మీద గౌరవం. ఆ రెండూ లేకుండా నిలబడ్డ దేన్నీ ఆయన ఇల్లు అని ఒప్పుకోడు. మగ్గాల పని కోసం సూరత్‌కు వలస వచ్చి, పర్వత్ పాటియాలో ఒకదాని గోడ ఒకటి ఆనుకుని వరసగా ఉన్న ఇళ్లలో ఒకటి కొనుక్కుని, ఒక్కో గదీ కలుపుకుంటూ, పైన స్లాబు పోయించి, ఆ స్లాబుకు తానే బిందెలతో నీళ్లు పట్టి నిలబెట్టుకున్న మనిషి. ఖటోదరాలో ఒక మగ్గాల కార్ఖానాలో మాస్టరు. ఆగిపోయిన మగ్గాన్ని నడిపించడం ఆయన పని. ఆ చప్పుడులోనే వయసంతా గడిచింది కాబట్టి ఆయన మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. అన్నంలోకి ఉప్పు అడిగితే ఎదురింటి మొండయ్యకు కూడా ఉప్పు తక్కువైన సంగతి తెలిసిపోతుంది.

అలాంటివాడి డాబా మీదికి, కరోనా వచ్చిన రెండో ఏడు మార్చిలో, ఒక రెడీమేడ్ గది వచ్చి చేరింది.

తెచ్చినవాడు కొడుకు రవీంద్ర. ఊరి బయట రెడీమేడ్ గదులు తయారుచేసే కంపెనీలో బిగింపుల పని చూస్తాడు. అక్కడ నక్షాలు గీసే అమ్మాయి సంధ్యారాణి. ఆమెదీ మగ్గాల కోసం సూరత్‌కు వలస వచ్చిన కుటుంబమే, ఇప్పుడు అడాజన్‌లో ఉంటారు. జబ్బుపడ్డ మనిషిని విడిగా ఉంచేందుకు కూడా చోటులేని ఇళ్లను ఆమె ఈ గల్లీల్లో చాలా చూసింది. అలాంటి ఇళ్ల డాబాల మీద పెట్టుకునేలా ఒక చిన్న గదిని గీసి కంపెనీ చేత చేయించింది. నమూనా గదిని షోరూంలో కాకుండా మనుషులు ఉండే ఇంటి మీదే పెట్టాలని ఆమె పట్టుబడితే, మా డాబా ఖాళీగా ఉందని రవీంద్ర మాట ఇచ్చేశాడు. ఏడాదిపాటు ఉచితంగా వాడుకోవచ్చు. ఆదివారాలు ఎవరైనా చూడటానికి వస్తే చూపించాలి, అంతే. ఈ సంగతి వాడు తల్లి రాజమ్మకు చెప్పాడు. తండ్రికి మాత్రం సామాను దిగేదాకా చెప్పలేదు.

పొద్దున చాయ్ తాగే వేళకు గోడలు, కప్పు, నేల అన్నీ కట్టలు కట్టలుగా గల్లీలో పడి ఉన్నాయి. నలుగురు మనుషులు వాటిని తాళ్లతో పైకి లాగారు. సాయంత్రం చాయ్ వేళకు డాబా మీద తెల్లటి గది నిలబడి, లోపల లైటు వెలుగుతోంది. మొండయ్య తన ఇంటి ముందు నిలబడి అంతా చూశాడు. ఇంత పెద్ద ఫ్రిజ్జు ఎక్కడ దొరికిందని పరుశురాంను అడిగాడు. గల్లీలో అందరూ నవ్వారు. పరుశురాం నవ్వలేదు.

పైకి వెళ్లి ఆ గది గోడను వేలి కణుపుతో కొట్టి చూశాడు. రేకు, రేకు మధ్యలో ఏదో మెత్తటి సరుకు. నాలుగు ఇనుప కాళ్ల మీద, స్లాబుకు జానెడు ఎత్తులో నిలబడి ఉంది. సంధ్యారాణి అక్కడే ఉంది. ఒక కిటికీని మంచం ఎత్తులో, దానికి ఎదురు గోడలో ఇంకొకటి కప్పుకు దగ్గరగా పెట్టించి, రెంటి మధ్యా నిలబడి గాలి ఎటు పోతోందో చూసుకుంటోంది. చల్లగాలి కింది నుంచి వస్తుందనీ, వేడి పై నుంచి పోతుందనీ ఆమె చెప్పబోయింది.

"బిడ్డా, ఇల్లన్నంక భూమిల దిగాలె" అన్నాడు పరుశురాం. "ఇది పెండ్లిళ్ల కేకు పెట్టే డబ్బా. దీంట్ల మనిషి ఉంటడా?"

ఆ గదిలో కాలు పెట్టనని అందరి ముందూ చెప్పి కిందికి దిగాడు. ఆ రోజు నుంచి దాని పేరు డబ్బా.

ఏప్రిల్ మొదట్లో ఆయనకు జ్వరం వచ్చింది.

ఆ రోజుల్లో సూరత్ ఎలా ఉందో చూసినవాళ్లు మరిచిపోరు. అంబులెన్సు కూత వినబడని పూట లేదు. కార్ఖానాలు సగం నడిచి సగం మూతపడ్డాయి. గల్లీలో ఎవరైనా దగ్గితే తలుపులు మూసుకునేవి. పరీక్షలో పరుశురాంకు కరోనా అని తేలింది. డాక్టరు ఫోనులోనే మందులు చెప్పి, ఊపిరి బాగానే ఉంది, విడిగా ఉంచండి అన్నాడు. విడిగా ఎక్కడ? కింద మూడు అరలు రైలుపెట్టెల్లాగా ఒకదాని వెనక ఒకటి. బాత్రూంకు పోవాలంటే అన్నీ దాటాలి. నడిమి అరలో ఆయన తల్లి బుచ్చవ్వ మంచం. ఆమెకు ఎనభై దాటాయి. డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన పాత బాత్రూం ఒకటి ఉంది. రవీంద్ర ఇంకేం ఆలోచించలేదు. ముఖానికి రెండు మాస్కులు కట్టుకుని, తండ్రిని పట్టుకుని మెట్లెక్కించాడు. ఒట్టు పెట్టుకున్న సంగతి గుర్తుచేసే ఓపిక కూడా పరుశురాంకు లేకపోయింది.

జ్వరం ఉన్న నాలుగు రోజులూ ఆయనకు ఏదీ సరిగా తెలియదు. తెలిసింది రాజమ్మకే. ఆమె పై మెట్టు మీద కూర్చుని లోపలి దగ్గును వినేది. దగ్గు ఆగితే భయం, ఆగకపోతే భయం. వేలికి పెట్టే క్లిప్పులో అంకె ఎంతుందో లోపలి నుంచి ఆయన చెప్పేదాకా లేచేది కాదు. పక్క గల్లీలో ఇద్దరు పోయారన్న సంగతి ఆయనకు తెలియనివ్వలేదు.

అయిదోనాడు పొద్దున పరుశురాంకు మెలకువ వచ్చింది. ఒళ్లు చల్లబడింది. దిండు మీద తల అలాగే ఉంచి పక్కకు చూస్తే ఆకాశం కనబడింది. కిటికీ సరిగ్గా కళ్ల ఎత్తులో ఉంది. నీళ్ల ట్యాంకు మీద పావురాలు కొట్లాడుకుంటున్నాయి. గాలి పాదాల మీదుగా వచ్చి, మెడ తాకి, ఎటో పైకి పోతోంది. ఆయన కాసేపు అలాగే పడుకుని, ఏదో తక్కువైనట్టుంది, ఏమిటా అని ఆలోచించాడు. చప్పుడు లేదు. మగ్గాల చప్పుడు లేదు, తలుపు కొట్టే వాళ్లు లేరు, నడిమి అరలో తల్లి టీవీ లేదు. తన ఊపిరి తనకే వినబడుతోంది. ఇంత వయసొచ్చాక మొదటిసారి విన్నట్టనిపించింది.

ఆ చప్పుడులేనితనంలో ఆయన గొంతు తనకు తెలియకుండానే తగ్గిపోయింది. చాయ్ కావాలని ఫోన్ చేస్తే రవీంద్రకు అది తండ్రి గొంతులా అనిపించలేదు. ఊపిరి అందడం లేదేమోనని వాడు రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తాడు. కిటికీలోంచి చూస్తే తండ్రి మంచం మీద కాళ్లు ఊపుకుంటూ కూర్చుని ఉన్నాడు.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ పరీక్ష చేస్తే ఏమీ లేదని వచ్చింది. రాజమ్మ ఆ మధ్యాహ్నం తలకు నీళ్లు పోసుకుని, దేవుడికి దీపం పెట్టి, ఇక దిగిరమ్మని మెట్ల దగ్గర నిలబడి పిలిచింది. పరుశురాం చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ గాలి తగిలింది. ఆయన ఆగాడు. ఆ తర్వాత తన నోటి నుంచి వచ్చిన మాట ఆయన ముందుగా అనుకున్నది కాదు.

"నాకు వాసన వస్తలేదు" అన్నాడు.

వాసన కొందరికి నెలల తరబడి రాదనీ, దానికి భయపడేది లేదనీ డాక్టరు చెప్పాడు. పరుశురాం దానికి సొంతంగా కొంత కలిపాడు. వాసన రాలేదంటే పురుగు ఇంకా ముక్కులోనే ఉందన్నమాటట. కింద ముసలితల్లి ఉండగా తాను తొందరపడి దిగలేడట. తల్లి మీద ఇంత ప్రేమ ఆయన ఎన్నడూ బయటపెట్టలేదు కాబట్టి బుచ్చవ్వ కళ్లు తుడుచుకుంది. కొడుకును ఎన్నాళ్లయినా పైనే ఉండమంది.

అలా ఆయన ఉండిపోయాడు. భోజనం మెట్టు మీదికి వచ్చేది. కార్ఖానా వాళ్లు ఫోన్ చేస్తే ఏ మగ్గంలో ఏం చెడిందో విని, పడుకున్నచోటి నుంచే ఉపాయం చెప్పేవాడు. పొద్దున కిటికీ రేకు తుడిచేవాడు. పావురాలను తిట్టేవాడు, అదీ మెల్లగానే. మే నెలలో తుఫాను వస్తుందని టీవీ వాళ్లు చెప్పినప్పుడు రవీంద్ర బలవంతంగా కిందికి తెచ్చి ఒక మూల కూర్చోబెట్టాడు. ఆ మూలలో ఆయన మూడు మాస్కులు పెట్టుకుని, ఎవరితో మాట్లాడకుండా, పై నుంచి వచ్చే చప్పుళ్లు వింటూ కూర్చున్నాడు. గాలి తగ్గీ తగ్గగానే ఎవరూ చెప్పకుండానే మెట్లెక్కాడు. మొండయ్య డాబా మీది రేకులు రెండు ఎగిరి ఎవరి ఇంట్లోనో పడ్డాయి. డబ్బా అంగుళం కదల్లేదు. పరుశురాం దాని గోడను అరచేత్తో నిమిరాడు.

రాజమ్మకు అనుమానం మొదలైంది ఆ నిమరడం చూశాకే. ఆ చెయ్యి తన మీదికి అంత మెత్తగా ఎప్పుడు వచ్చిందో గుర్తు తెచ్చుకోబోతే గుర్తు రాలేదు. ఇంకా కొన్ని సంగతులు తోడయ్యాయి. మనిషి ఒళ్లు చేశాడు. కూని రాగాలు తీస్తున్నాడు. వాసనా రుచీ తెలియని మనిషికి తిండి సయించదని అందరూ చెప్పుకుంటున్నారు. ఈయనకు పంపిన గిన్నెలు కడగకుండానే పెట్టుకోవచ్చన్నంత శుభ్రంగా తిరిగి వస్తున్నాయి.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకనాడు ఊరి నుంచి వచ్చిన ఎండు చేపల మూట విప్పింది. గల్లీలో సగం మంది వాటి వాసన పడనివాళ్లు. అందుకని ఏడాదికి ఒకటి రెండు సార్లకన్నా వాటి జోలికి పోదు. ఆ రోజు మాత్రం మెట్ల కింద, గాలి పైకి పోయే చోట, పొయ్యి పెట్టింది. ఉల్లిగడ్డ ఎర్రగా వేయించి, చేపలు వేసి, చింతపులుసు పోసింది. పరుశురాంకు ఈ ప్రపంచంలో దేని మీదైనా పిచ్చి ఉందంటే అది ఎండు చేపల కూర మీదే. పెళ్లయిన కొత్తలో ఈ కూర కోసం అలిగి రెండు పూటలు అన్నం మానేసిన చరిత్ర ఉంది.

పైన పరుశురాం మంచం మీద పడుకుని ఉన్నాడు. సంధ్యారాణి మంచం ఎత్తులో పెట్టిన కిటికీ తన పని తాను చేసింది. మెట్ల దారిలో లేచిన ఘుమఘుమను ఒక్క పిసరు కూడా వృథా చేయకుండా తెచ్చి ఆయన దిండు మీద పెట్టింది. ఆయన లేచి కూర్చున్నాడు. మళ్లీ పడుకున్నాడు. గోడవైపు తిరిగాడు. నోట్లో నీళ్లు ఊరుతుంటే మింగుతూ, మింగిన చప్పుడు బయటికి వినబడుతుందేమోనని దగ్గాడు. కిటికీ మూద్దామనుకున్నాడు. వాసన రానివాడు కిటికీ ఎందుకు మూసుకుంటాడని తట్టి ఆగిపోయాడు.

రాజమ్మ మూతపెట్టిన గిన్నె తెచ్చి మెట్టు మీద పెట్టి, కదలకుండా నిలబడింది.

లోపలి నుంచి చాలాసేపటికి, పరాకుగా ఉన్నట్టు, పరుశురాం గొంతు వచ్చింది. "ఇయాల ఏం కూర?"

మూత తీసి చూడమని చెప్పి రాజమ్మ దిగిపోయింది. ఇంతటి పరీక్షలో నెగ్గిన మనిషి నిజంగానే రోగి అయి ఉండాలని అనుకుంది. అనవసరంగా అనుమానించానని బాధపడి, మర్నాడు ఆయనకు పాలు ఎక్కువ పోసి చాయ్ పెట్టింది.

ఆ వచ్చిన ఆదివారం అడాజన్ నుంచి భార్యాభర్తలు డబ్బాను చూడటానికి వచ్చారు. సంధ్యారాణి వాళ్లను తీసుకొచ్చింది. లోపల కోలుకుంటున్న మనిషి ఉన్నాడు కాబట్టి దూరం నుంచే చూపిస్తానని ముందే చెప్పింది. అందరూ మాస్కులు పెట్టుకుని డాబా మీద నిలబడ్డారు. పరుశురాం కిటికీలో కూర్చుని ఉన్నాడు. వచ్చినాయన గది చుట్టూ తిరిగి చూసి, గోడను వేలి కణుపుతో కొట్టాడు. ఇది రేకుల డబ్బా, ఎండాకాలం ఇందులో మనిషి ఉడికిపోతాడు, గాలి ఎక్కడాడుతుంది అని హిందీలో అన్నాడు.

సంధ్యారాణి జవాబు చెప్పబోయింది. ఆ అవకాశం పరుశురాం ఆమెకు ఇవ్వలేదు.

తన మనిషిని ఎవరో తన ముందే తక్కువ చేసినట్టు తోచింది ఆయనకు. నెలన్నర తర్వాత మగ్గాల నాటి గొంతు తిరిగి వచ్చింది. హిందీ, గుజరాతీ, తెలుగు ఏది ముందు దొరికితే అది వాడుతూ ఆ పెద్దమనిషికి అప్పజెప్పాడు. ఉడికేది ఇటుక ఇల్లట. పగలంతా ఎండను మింగి చీకటి పడ్డాక కక్కుతుందట. ఇది అలా కాదట. ఆ కిటికీ కిందికి ఎందుకుందో, ఈ కిటికీ పైకి ఎందుకుందో, పడమటి చూరు అంత ముందుకు ఎందుకు వచ్చిందో, కాళ్ల మీద ఎందుకు నిలబడిందో వరసగా చెప్పాడు. తుఫాను సంగతి చెప్పాడు. సంధ్యారాణి మాస్కు వెనక ఆమె ముఖం ఎలా ఉందో ఎవరికీ కనబడలేదు. వచ్చినాయనకు ఇంకా నమ్మకం కుదరలేదు. అంత గాలి నిజంగా వస్తుందా అన్నాడు.

"గాలా?" అన్నాడు పరుశురాం. "పొద్దుగాల మొండయ్య ఇంట్ల ఇంగువ పోపు పడితే నాకు ఈడ తెలుస్తది. పక్కింటోళ్లు కాకరకాయ ఏయిస్తే తెలుస్తది. మొన్న మా ఆమె ఎండు చేపలు వండిననాడు ఈ మంచం మీద నేను పడ్డ తిప్పలు పగోనికి గూడ వద్దు."

చెప్పడం అయ్యాక, తన మాటలు తన చెవుల్లోకి తిరిగి వచ్చాయి. వచ్చినవాళ్ల వెనక రాజమ్మ చాయ్ పళ్లెంతో నిలబడి ఉంది.

ఆమె అతిథులకు చాయ్ ఇచ్చింది. సంధ్యారాణికి ఇచ్చింది. కిటికీ దగ్గరికి వచ్చి ఆయనకూ ఇచ్చింది. వాళ్లు వెళ్లాక కిందికి దిగి, చాప, దిండు, నీళ్ల చెంబు తీసుకుని పైకి వచ్చి, గుమ్మంలో నిలబడింది.

"నాకు వాసన వస్తలేదు" అంది.

"నీకెప్పుడు పోయింది?"

"ఇప్పుడే. నువ్వు మాట్లాడంగనే పోయింది. దిగు."

పరుశురాం దిగాడు. వెనక తలుపు గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

రవీంద్ర పొద్దున్నే కంపెనీకి పోతాడు. కార్ఖానాలో పరుశురాంకు ఇంకా పూర్తిగా పని దొరకడం లేదు. కాబట్టి వంట ఆయన మీద పడింది. అదేమంత పని అనుకుంటూ వంటింట్లోకి అడుగుపెట్టాడు. ఆ వంటిల్లు ఆయన చేతి నిర్మాణం. ఇల్లు కొన్నప్పుడు వెనక ఆకాశం కనబడే ఖాళీ జాగా ఒకటి ఉండేది. అంత జాగాను ఆకాశానికి వదిలేయడమేమిటని, వెనకింటి గోడ దాకా స్లాబు పోయించి దాన్ని వంటిల్లు చేశాడు. జానెడు జాగా కూడా వృథా కానివ్వలేదని ఇరవై ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చాడు. ఆ ఇరవై ఏళ్లలో ఒక పూట కూడా అందులో నిలబడి వండలేదు.

మే నెల, మిట్టమధ్యాహ్నం. ట్యూబులైటు వేస్తే తప్ప గిన్నె కనబడదు. ఫ్యాను వేస్తే పొయ్యి ఆరిపోతుంది. ఫ్యాను తీస్తే ఒళ్లంతా చెమట కారిపోతుంది. పోపు వేస్తే ఆ పొగకు పోయే దారి తెలియక నెత్తి మీదే తిరిగింది. నడిమి అరలో బుచ్చవ్వ దగ్గి దగ్గి, ఏం మాడబెట్టావురా అని అడిగింది. ఆయన ఏమీ మాడబెట్టలేదు. కానీ కాసేపట్లో అదీ జరిగింది. అన్నం అడుగంటింది. పప్పు ఉడకలేదు. తల్లి రెండు ముద్దలు తిని, నాకు గూడ వాసన పోతే బాగుండు బిడ్డా అంది.

మూడోనాడో నాలుగోనాడో చపాతీలు కాలుస్తూ కాలుస్తూ ఊపిరాడక తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తలుపు చట్రం మీద ఒకచోట రంగు పోయి, నున్నగా, జిడ్డుగా మెరుస్తోంది. రోజూ చూసిన తలుపే. ఏమిటా మరక అని చెయ్యి పెట్టాడు. రాజమ్మ భుజం ఎత్తులో ఉంది. తన భుజం కాస్త కిందికి దించి అక్కడ ఆనించి చూశాడు. వీధి తలుపు నుంచి మూడు అరలూ దాటి వచ్చిన సన్నటి గాలి, ఆ ఒక్కచోటే, ముఖానికి తగిలింది. పెనం మీద చపాతీ నల్లబడి పొగ లేస్తున్నా ఆయన కాసేపు అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం కంచంలో అన్నం, కూర పెట్టుకుని మెట్లెక్కాడు. రాజమ్మ గుమ్మంలో కూర్చుని తల ఆరబెట్టుకుంటోంది. ముఖం తేటగా ఉంది. ఆయన పై మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె కూర నోట్లో పెట్టుకుని, ఏ కూరో అడగకుండా తింది.

"ఆ వంటింట్ల గాలాడది" అన్నాడు పరుశురాం.

"అవునా" అంది రాజమ్మ.

"నువ్వెన్నడు చెప్పలే."

"చెప్పిన. మస్తుసార్లు చెప్పిన. నేను చెప్పినప్పుడల్ల నువ్వు మాట్లాడుతనే ఉన్నవ్."

ఆయన కంచం ఖాళీ అయ్యేదాకా కూర్చుని, తీసుకుని దిగాడు. దిగాక రవీంద్రతో, ఆ నక్షాలు గీసే బిడ్డను జర ఇంటికి రమ్మని చెప్పమన్నాడు.

సంధ్యారాణి వచ్చింది. పరుశురాం ఆమెను వంటింట్లో నిలబెట్టి, గాలి గురించి చెప్పడం మొదలుపెట్టాడు. చల్లగాలి కింది నుంచి వస్తుందట, వేడి గాలి పైకి పోతుందట, పోవడానికి దారి లేకపోతే నెత్తి మీద కూర్చుంటుందట. ఈ సంగతి చాలామందికి తెలియదు అన్నాడు. ఆమె తల ఊపుతూ మొత్తం విన్నది. విన్నాక, అయితే పైన దారి ఇద్దామా అని అడిగింది. ఇవ్వాల్సిందే అన్నాడు. అయితే ఇక్కడ మంచమంత మేర స్లాబు కోసేద్దాం అంది.

పరుశురాం డాబా ఎక్కి, వంటింటి నెత్తి మీద పడే చోట నిలబడి, కాలితో తట్టి చూశాడు. రాయిలా ఉంది. ఇంకాస్త పెద్ద ఫ్యాను పెడితే సరిపోదా అని అడిగాడు. పొగ పీల్చే మిషను పెడితే ఎలా ఉంటుందన్నాడు. చెయ్యొచ్చు అంది ఆమె, కానీ ఎండ రాదు కదా మామా అని మెల్లగా అంది. డబ్బా గుమ్మంలో కూర్చుని రాజమ్మ అంతా వింటోంది. ఆయన అటు చూశాడు. ఆమె పావురాల వైపు చూస్తోంది. కోసెయ్యండ్రి అని ఆయన చటుక్కున దిగిపోయాడు.

సంధ్యారాణి ఇంజనీరును తెచ్చి చూపించింది. దూలాలకు దెబ్బ తగలకుండా గుర్తులు పెట్టారు, కింద ఆసరా కర్రలు నిలబెట్టారు. వానలు మొదలవకముందే పని అయిపోవాలని అంతా తొందరపడ్డారు. కోసే మిషను మొదలవగానే మొండయ్య వచ్చాడు. మొన్న పైన కట్టుకున్నావు, ఇవాళ కింద పడగొడుతున్నావు, నీకు వాసనే పోయిందా ఇంకేమైనా పోయిందా అని అడిగాడు. పరుశురాం వినబడనట్టు ఊరుకున్నాడు. మిషను చప్పుడుకు నిజంగానే వినబడలేదేమో కూడా. స్లాబు ముక్కలు దిగుతుంటే మాత్రం ఒక్కోదాన్ని చేత్తో పట్టి బరువు చూసి పక్కన పెట్టించాడు.

ఆఖరి ముక్క తీయగానే పైన గుండ్రంగా తిరిగిన దుమ్ములోంచి ఎండ దిగింది. నేల మీద, పొయ్యి గట్టు మీద, గిన్నెల మీద పడింది. ఆ గిన్నెల అసలు రంగు ఏమిటో ఇంట్లోవాళ్లకు అప్పుడే తెలిసింది. నడిమి అరలోంచి బుచ్చవ్వ కేకేసి, పట్టపగలు అంత పెద్ద లైటు ఎందుకు వేశారు, బందు చెయ్యండి అంది. అది లైటు కాదు, ఎండ అని రవీంద్ర చెప్పాడు. వంటింట్ల ఎండేందిరా అని ఆమె నమ్మలేదు. కర్ర పట్టుకుని వచ్చి, ఆ వెలుగులో చెయ్యి పెట్టి, వెనకా ముందూ తిప్పి చూసుకుంది. ఆ తర్వాత అక్కడే పీట వేసుకుని కూర్చుంది. ఎవరు లేపినా లేవలేదు.

ఆ ఖాళీ మీద వాన పడకుండా, గాలి ఆగకుండా, నాలుగు కాళ్ల మీద నిలబడే, అద్దంలా వెలుగును వదిలే గొడుగులాంటి కప్పు ఒకటి కంపెనీ నుంచి రెడీగా వచ్చింది. గంటలో బిగించారు. చుట్టూ పక్షులు దూరకుండా జాలీ. పరుశురాం దాన్ని కొట్టి చూడలేదు. ఎటువైపు జాలీ ఎక్కువ ఉండాలో బిగించేవాళ్లకు చెప్పబోయాడు. రవీంద్ర ఆయన్ను చాయ్ తెమ్మని పంపించాడు.

రాజమ్మ కిందికి వచ్చింది. రావడమంటే పూర్తిగా కాదు. పొద్దున, సాయంత్రం వంట చేస్తుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక డాబా ఎక్కి, డబ్బాలో గడియ పెట్టుకుని పడుకుంటుంది. ఆ వేళ తలుపు తట్టడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. పరుశురాంకు రాత్రిళ్లు ఇచ్చారు, అదీ మొహమాటంగా అడిగితే. ఆ గదిలో తాను పడుకుందామని ఆశపడి తెచ్చిన రవీంద్రకు మాత్రం ఏ పూటా మిగల్లేదు. వాడు ఇంకో డబ్బా దొరుకుతుందేమో అడగమని సంధ్యారాణికి చెప్పాడు. ఈ డాబా మీద అడాజన్ పెద్దమనిషికి పరుశురాం చెప్పిన మాటలు విని కంపెనీలో అందరూ నవ్వుకున్నారనీ, ఆ పెద్దమనిషి మాత్రం ఒక గది ఆర్డరు పెట్టాడనీ ఆమె చెప్పింది.

వానలు మొదలైన వారానికి మొండయ్య గొడుగు వేసుకుని వచ్చాడు. మా డాబా మీద కూడా ఒకటి పెడితే ఎట్లుంటదని చాలాసేపు అటూ ఇటూ మాట్లాడాక అడిగాడు. ఫ్రిజ్జు అన్న మాట మరిచిపోలేదని పరుశురాం అనలేదు. కాగితం మీద పెన్నుతో కిటికీలు గీసి చూపించాడు. ఒకటి కింద, ఒకటి పైన. ఆ కాగితం జాగ్రత్తగా మడిచి ఇచ్చి, సంధ్యారాణి ఒప్పుకుంటేనే కట్టించు, నా మాట మీద కట్టించకు అని చెప్పాడు.

మొండయ్య పోయాక వంటింట్లోకి వచ్చాడు. వాన తెరిపిచ్చింది. పైకప్పు గొడుగు మీద నీళ్లు జారి, పైనుంచి తెల్లటి వెలుగు పడుతోంది. రాజమ్మ పొయ్యి ముందు కూర్చుని పచ్చిమిరపకాయలు తొడిమలు తీస్తోంది. పరుశురాం పని లేకుండా ఆమె పక్కకు వచ్చి నిలబడి, తల పైకెత్తి చూస్తూ ఉండిపోయాడు.

"జర జరుగు" అంది రాజమ్మ. "ఎలుగుకు అడ్డమున్నవ్."

ఆయన జరిగాడు. ఎటు జరిగితే ఆమె చేతుల మీద నీడ పడదో చూసుకుని, గోడ పక్కన కూర్చుని, తానూ ఒక గుప్పెడు మిరపకాయలు తీసుకున్నాడు.